కిటికీ వైపు చూసిన నాయన

అమెరికా కవిత్వంలో మంచు కనిపిస్తే మరణం, పిట్ట కనిపిస్తే ఆత్మ, సముద్రం కనిపిస్తే కాలం. ఎం.ఏ. చదివే రోజుల్లో తిరుపతిలో మా హాస్టల్ అమ్మాయిలందరికీ ఈ మూడు ముక్కలూ కంఠతా వచ్చు. యూనివర్సిటీ గేటు దగ్గరి జిరాక్స్ షాపుల్లో స్పైరల్ బైండింగ్ చేసి పెట్టిన నోట్సు దొరికేది. అందులో ప్రతి పద్యానికీ భావం, ప్రతీకలు, ముగింపు అని మూడు భాగాలు ఉండేవి. పద్యం మాత్రం ఉండేది కాదు. పద్యం లేకుండానే దాని అర్థం చదువుకుని, పరీక్ష రాసి, మార్కులు తెచ్చుకున్నాం. మంచు అనేదాన్ని మాలో ఎవరమూ కళ్ళతో చూసింది లేదు. ఫ్రిజ్‌లో పేరుకునే తెల్లటి గడ్డ తెలుసు, కార్తీకంలో పొద్దున్నే కొండ మీద దిగే పొగ తెలుసు. అయినా ఆ పేపర్లో నాకే ఎక్కువ మార్కులు వచ్చాయి.

వచ్చినందుకు ఊరుకున్నానా అంటే లేదు. పుత్తూరులో ఒక డిగ్రీ కాలేజీలో లెక్చరర్‌గా చేరి, అదే మంచునూ అదే పిట్టనూ పదేళ్ళపాటు పిల్లలకు పాఠం చెప్పాను. పిల్లలు బుద్ధిమంతులు, ఒక్కరూ ఎదురు అడగలేదు. అడిగి ఉంటే నాకు అప్పుడే బుద్ధి వచ్చేదేమో. ఆ తర్వాత పార్ట్‌టైంగా పిహెచ్.డి.లో చేరాను. పల్లె బతుకు గురించి రాసిన ముగ్గురు అమెరికన్ కవుల మీద పరిశోధన. తిరుపతిలో కాపురం, పుత్తూరులో ఉద్యోగం, రోజూ రెండు పూటలా రైలు. వీటి మధ్య ఏళ్ళు ఎలా గడిచాయో తెలియలేదు. చూస్తూ ఉండగానే రిజిస్ట్రేషన్ గడువు ముగిసే ఏడాది వచ్చింది. గడువు పెంచడం అప్పటికే రెండుసార్లు అయిపోయింది, మూడోసారి కుదరదని ఆఫీసులో చెప్పేశారు. రెండు అధ్యాయాలకు ఆమోదం ఉంది. మూడోది కూడా మా గైడ్ మేడం చేత ఒప్పించుకుంటే డిగ్రీ, లేకపోతే ఆరేళ్ళ పని చెత్తబుట్టలోకి.

మేడంది చిత్తూరు. క్లాసులో ఇంగ్లీషు తప్ప మాట్లాడరు, గది తలుపు మూసి మనతో కూర్చుంటే మాత్రం అచ్చం చిత్తూరు తెలుగే. ఆమె పద్ధతి ఒక్కటే. పద్యాన్ని పెద్ద అక్షరాలతో ప్రింటు తీసి టేబుల్ మీద పెడతారు. మనం ఏ అర్థం చెప్పినా, "యాడుండాదది? ఏలు పెట్టి సూపించు" అంటారు. ఏ మాట మీద వేలు పెట్టి చూపించలేమో ఆ అర్థాన్ని రాయకూడదు. ఆమె దగ్గరికి మొదటిసారి వెళ్ళినప్పుడు నేను ధీమాగా, ఇక్కడ మంచు మరణానికి ప్రతీక అన్నాను.

"మంచు మీద ఏలు పెట్టినావు, సరే. మరణం మీద పెట్టు" అన్నారు.

నా వేలు కాగితం మీద అటూ ఇటూ తిరిగి వెనక్కి వచ్చేసింది. ఆ రోజు ఇంటికి వచ్చి అన్నం తినలేదు. కోపం వస్తే తిండి మీద చూపించడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. అయినా నాలుగు రోజులకు కోపం దిగింది, ఆమె చెప్పింది నిజమేనని తెలిసింది, మొదటి రెండు అధ్యాయాలూ ఆ పద్ధతిలోనే రాశాను. నేర్చుకున్నాననే అనుకున్నాను.

మూడో అధ్యాయం ఒక రైతు ఇంటి ఆవిడ గురించి. బతికినన్నాళ్ళలో ఒకే ఒక చిన్న పుస్తకం వేసింది. పేరు చెప్పినా ఎవరికీ తెలియదు, నాకూ అంతకు ముందు తెలియదు. ఆ పుస్తకంలో పదిహేడు పాదాల పద్యం ఒకటి ఉంది. మంచు పడి దారి మూసుకుపోయిన రోజు. గడ్డి దాచే కొట్టంలో అటక మీంచి ఒక పిల్లవాడు పడి చేయి విరగ్గొట్టుకుంటాడు. డాక్టరు వచ్చే దారి లేదు. తండ్రి ఆపిల్ పెట్టె నుంచి రెండు బద్దలు ఊడబీకి, ఒంటి మీదున్న ఆదివారం చొక్కా చింపి, ఆ చేతికి బద్దలు పెట్టి కడతాడు. లాగుతాడు. లాగుతున్నంతసేపూ పిల్లవాడి వైపు చూడకుండా కిటికీ వైపు చూస్తాడు. పద్యం చెబుతున్నది ఆ పిల్లవాడే, పెద్దవాడయ్యాక. నా చేయి ఇప్పటికీ వంకరే, చలి పెట్టినప్పుడల్లా ఆ కిటికీ ఏ దిక్కున ఉండేదో నా చేయి నాకు చెబుతుంది అని ముగిస్తాడు. అంతే పద్యం.

ఆ పుస్తకం చివర ఎవరో రాసిన వివరణ ఉంది. తండ్రి రాతిగుండె మనిషని, కొడుకు ఏడుస్తుంటే కిటికీలోంచి పొలం చూసుకుంటున్నాడని అందులో రాశారు. అది చదవగానే నాకు ఒళ్ళు మండింది. ఎందుకు మండిందో చెప్పాలంటే మా నాయన గురించి చెప్పాలి.

మా నాయన విరిగిన ఎముకలకు కట్టు కడతాడు. పుత్తూరు కట్టు తెలియనివాళ్ళు ఈ చుట్టుపక్కల ఎవరూ ఉండరు. సత్యవేడు నుంచి, సూళ్లూరుపేట నుంచి, అరవదేశం నుంచి కూడా మనుషులు కాళ్ళూ చేతులూ పట్టుకుని ఆటోల్లో దిగుతారు. నాయన పేరుమోసిన వైద్యుడేమీ కాదు. పుత్తూరుకు దగ్గర్లోని మా పల్లెలో, తన మేనమామ దగ్గర పని నేర్చుకుని ఇంటి పంచలోనే కడతాడు. వెదురు బద్దలు, ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన, గుడ్డ, ఇవే ఆయన సామాను. ఈ మధ్య రోగులను ఎక్స్‌రే తెమ్మంటున్నాడు. తెచ్చినదాన్ని వెలుతురుకు ఎత్తి మర్యాదగా ఒకసారి చూసి, పక్కన పెట్టి, మళ్ళీ వేళ్ళతోనే వెతుక్కుంటాడు.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు అద్దె సైకిలు నేర్చుకుంటూ పడి ఎడమ చేయి విరగ్గొట్టుకున్నాను. నాయనే కట్టాడు. నా చేయి పట్టి లాగుతున్నంతసేపూ ఆయన నా వైపు చూడలేదు, గోడ వైపు చూశాడు. గోడ మీద సున్నం తప్ప ఏమీ లేదు. నాకది ఇంత బాగా గుర్తుండటానికి కారణం, నేను ఏడుస్తూ ఆయన మొహం కోసమే వెతుక్కోవడం. ఆయన ఎందుకు చూడలేదన్న ప్రశ్న చాలా ఏళ్ళు నన్ను పట్టుకుంది. పెద్దయ్యాక నాకు నేనే జవాబు చెప్పుకున్నాను. పని తెలిసినవాడికి కళ్ళు అడ్డం. వేళ్ళతో వెతుక్కోవాలి కాబట్టి కళ్ళు పక్కకు తిప్పుకుంటాడు. ఈ జవాబు నాకు చాలా నచ్చింది, మనసు కుదుటపడింది. మిగతా రోగులకు ఆయన ఎలా కడతాడో మాత్రం నేను ఒక్కనాడూ నిలబడి చూడలేదు. పంచలో ఎవరైనా అరుపు అందుకుంటే చాలు, పెరట్లోకి పరిగెత్తి చెవులు మూసుకునేదాన్ని. ఆరో తరగతి నుంచి హాస్టల్‌కు వెళ్ళిపోయాను.

కాబట్టి పద్యంలో తండ్రి కిటికీ వైపు చూశాడనగానే నాకు అంతా అర్థమైపోయింది. రాతిగుండె అన్నవాడికి ఎముకల సంగతి తెలియదు, నాకు తెలుసు. నలభై పేజీలు రాశాను. ఆ తండ్రి గొప్ప పనిమంతుడని, చదువులేని చేతుల్లో ఉండే జ్ఞానాన్ని ఆ చూపు చెబుతోందని రాశాను. కోడికూర వండినంత ఉత్సాహంగా రాశాను. ఎటొచ్చీ రెండు మాటలు దారికి రాలేదు. ఒకటి వంకర చేయి. అంత పనిమంతుడు కడితే చేయి వంకర ఎందుకు పోతుంది? దాన్ని యంత్రాల కింద నలిగి వంగిపోయిన పల్లెలకు ప్రతీక చేసి పారేశాను. రెండోది ఆదివారం చొక్కా. దానికి దేవుడు, త్యాగం అంటూ మూడు పేజీలు కేటాయించాను. మసిపూసి మారేడుకాయ చేయడం అంటే ఏమిటో తెలుసుకోవాలనుకునేవాళ్ళు ఆ పేజీలు చదవవచ్చు, ఇంకా నా దగ్గరే ఉన్నాయి.

ఆ వ్యాసంలో కొంత భాగం చిత్తూరులో ఒక సెమినార్‌లో చదివాను. మా నాయన ప్రస్తావన వచ్చిన చోట ముందు వరసలో పెద్దవాళ్ళిద్దరు కళ్ళు తుడుచుకున్నారు. చప్పట్లు బాగానే పడ్డాయి. ఫోటోలు వాట్సాప్ గ్రూపుల్లో తిరిగాయి. ఆ మర్నాడు అధ్యాయం మొత్తం పట్టుకుని మేడం గదికి వెళ్ళాను, సంతకానికే వెళ్తున్నాననుకుని.

ఆమె వారం రోజులు చదివి పిలిచారు.

"బాగుండాదమ్మా, శానా బాగా రాసినావు" అన్నారు. "అయితే ఇది మీ నాయన గురించి రాసిన వ్యాసం. పద్యం గురించి రాసింది యాడ?"

"మేడం, ఆ తండ్రి పక్కకు చూడటం ఉంది కదా..."

"పక్కకు సూసినాడు. ఏలు పెట్టినావు, సరే. పని తెలిసి సూసినాడని యాడుండాది?"

"ఎముకలు కట్టేవాళ్ళు అలాగే చూస్తారు మేడం. నాకు తెలుసు."

"నీకు తెలుసు. ఈ పద్యానికి తెలుసా? మీ నాయన్ని తీసకపోయి ఆ పద్యంలో కూర్చోబెట్టినావు. ఆ ఇంటాయన్ని బయటికి పంపించేసినావు." ఆమె పేజీలు తిప్పారు. "మల్ల ఈ వంకర సెయ్యి సంగతేంది?"

"అది ప్రతీక మేడం."

"మంచు పాయె, ఇప్పుడు సెయ్యి వచ్చె" అని కళ్ళజోడు తీసి టేబుల్ మీద పెట్టారు. "నేల ఇడిసి సాము సెయ్యొద్దు తల్లీ. నాకు నమ్మకం కలక్కుండా సంతకం పెట్టను. మూడు వారాలుండాది గదా, మళ్ళా రాసుకోని రా."

ఆమె గొంతులో కోపం లేదు. నాకే వచ్చింది. జనం కళ్ళు తుడుచుకున్న వ్యాసాన్ని పట్టుకుని వేలు, వేలు అంటారేమిటి అనుకున్నాను. ఆమె ఎప్పుడైనా ఎముక విరగ్గొట్టుకున్నారా అని కూడా అనుకున్నాను. పది రోజులు ఒక్క వాక్యం మార్చలేదు. పదో రోజున భయం మొదలైంది. రైల్లో కూర్చుంటే రేణిగుంట దాటేదాకా గడువు లెక్కే. ఆరేళ్ళుగా ఇంట్లో అందరికీ చెప్పుకుంటూ వచ్చిన డిగ్రీ నా మొండితనం వల్లే పోతుందని తెలుస్తోంది. కానీ ఆ చూపుకు వేరే అర్థం ఒప్పుకుంటే, నా చేయి లాగేటప్పుడు నాయన గోడ వైపు ఎందుకు చూశాడన్న ప్రశ్న మళ్ళీ మొదటికి వస్తుంది. అసలు భయం అదే.

వారంలో రెండు మూడు రోజులు కాలేజీ నుంచి మధ్యాహ్నం భోజనానికి మా పల్లెకు వెళ్తాను. ఆ రోజు అన్నం కెలికి లేచిపోతే అమ్మ నాయన వైపు చూసి ఊరుకుంది. నాయన పంచలో కూర్చుని కత్తితో వెదురు బద్దలు నున్నగా చెక్కుతున్నాడు.

"ఏం పాపా, పది దినాలుగా మొహం అట్ల పెట్టుకోనుండావు? కాలేజీలో ఎవురన్నా ఏమన్నా అనినారా?" అన్నాడు.

ఐదో తరగతితో చదువు ఆపేసిన మనిషికి అమెరికా పద్యం గురించి ఏం చెప్పాలి అనుకున్నాను. పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు కదా. ఆయన గురించి నలభై పేజీలు రాశాను గానీ, ఆ పద్యం ఆయనకు ఒకసారి చదివి వినిపిద్దామన్న ఆలోచన నాకు రాలేదు. అయినా అడిగాడు కాబట్టి ఫోన్‌లో పద్యం తీసి, ఒక్కో పాదమూ తెలుగులో చెప్పడం మొదలుపెట్టాను. పిల్లవాడు అటక మీంచి పడ్డాడనగానే ఆయన అడ్డుపడ్డాడు.

"ఎంత ఎత్తు?"

"పద్యంలో ఎత్తులూ కొలతలూ ఉండవు నాయనా."

"సూడు, ఉంటాదేమో."

చూశాను. ఉంది. మనిషి ఎత్తుకు రెండింతలు అని మూడో పాదంలో ఉంది. ఆరు నెలలుగా చదువుతున్న పద్యంలో ఆ మాట మీద నా చూపు ఎప్పుడూ ఆగలేదు.

"అంత ఎత్తు నుంచి పడితే గట్టి ఇరుగుడే. మోసెయ్యికి పైనా, కిందా?"

"కింద."

"సరే, సెప్పు."

చొక్కా దగ్గరికి వచ్చాను. ఒంటి మీదున్న ఆదివారం చొక్కా, అంటే గుడికి వేసుకుపోయే మంచి చొక్కా అని వివరించాను.

"ఇంట్లో పాత గుడ్డలు లేవా వాళ్ళకు?"

"ఉంటాయి. రైతుల ఇల్లే గదా."

"మల్ల మంచి చొక్కా ఎందుకు చింపె? కాళ్ళూ సేతులూ ఆడలేదు వానికి. పాపం" అన్నాడు, పక్కింటి మనిషి గురించి మాట్లాడుతున్నట్టు.

నేను ఆ చొక్కా మీద రాసిన మూడు పేజీలు గుర్తొచ్చి సిగ్గేసింది. తర్వాతి పాదం చెప్పాను. కట్టాడు, లాగాడు అన్నాను. నాయన చేతిలో కత్తి ఆగింది.

"ఇంగోసారి సెప్పు. లాగి కట్టినాడా, కట్టి లాగినాడా?"

"రెండూ చేశాడు నాయనా."

"రెండూ సేసినాడు, సరే. ముందేది? బాగా సూసి సెప్పు, నువ్వు అనుకునేది కాదు."

ఫోన్ దగ్గరికి తెచ్చుకుని చూశాను. అనుమానానికి తావు లేదు. బద్దలు కట్టడం ఒక పాదంలో అయిపోయింది. లాగడం ఆ తర్వాతి పాదంలో ఉంది.

"కట్టినాకే లాగినాడు" అన్నాను.

"అట్లయితే వానికి పని తెలీదు పాపా. ముందు లాగి, ఎముకను ఎముకతో కూర్చోబెట్టి, ఆ తర్వాత గదా బద్దలు ఏసేది. కట్టినాక లాగితే కుదురుకున్నది గూడా కదిలిపోతాది. ఆ పిలకాయకు సెయ్యి వంకర పోయింటాది."

"పోయింది. చివర్లో అదే ఉంది."

"పోకుండా ఎట్లుంటాది" అని మళ్ళీ బద్ద అందుకున్నాడు.

నా నలభై పేజీలు అక్కడికక్కడే కూలిపోయాయి. వంకర చేయి దేనికీ ప్రతీక కాదు. అది వంకర చేయి. పని రానివాడు కంగారులో కట్టిన చేయి. అయినా నాలో మొండితనం పూర్తిగా చావలేదు. చివరి ప్రశ్న అడిగాను.

"మరి లాగేటప్పుడు కిటికీ తట్టు ఎందుకు చూసినాడు? వేళ్ళతో వెతుక్కునేటప్పుడు కళ్ళు పక్కకు తిప్పుకుంటారు గదా మీరు?"

నాయన నా వైపు వింతగా చూశాడు. "ఎవురు సెప్పినారు నీకు? కట్టేవోడు సూడాల్సింది మొహమే. యాడ తాకితే మొహం మారతాదో ఆడ ఇరిగుంటాది ఎముక. మొహం సూడకుండా ఎవురన్నా లాగుతారా?"

"మరి ఆయన?"

"కన్నకొడుకు గదా. మొహం సూస్తే సేతులు రావు. అందుకని అట్ల తిరుక్కున్నాడు. తెలీని పని, సూడలేని మొహం. ఏం సేస్తాడు వాడు?"

మరి నా చేయి కట్టిన రోజు నువ్వు గోడ వైపు చూశావు కదా అని అడగాల్సింది అప్పుడే. అడగలేదు. ఇంతలో గేటు ముందు ఆటో ఆగి, కాలు చాపుకున్న ముసలాయన్ని దింపుతున్నారు. నాకూ కాలేజీకి వేళయింది. ఇవన్నీ సాకులే, అడగడానికి ధైర్యం చాలలేదు.

మిగిలిన రోజుల్లో ఆ అధ్యాయాన్ని మళ్ళీ రాశాను. నలభై పేజీలు పద్నాలుగు అయ్యాయి. ఎత్తు, చొక్కా, ముందు కట్టి తర్వాత లాగడం, వంకర చేయి, ఆ తర్వాతే కిటికీ. ఒక్కో మాటకూ పద్యంలో వేలు పెట్టదగిన చోటు ఉంది. మంచు గురించి ఒక్కటే వాక్యం రాశాను, దారి మూసుకుపోవడం వల్ల డాక్టరు రాలేదని. ఎం.ఏ. నోట్సు అమ్మిన జిరాక్స్ షాపువాడు చూస్తే నా మీద జాలిపడేవాడు.

మేడం నా ఎదురుగానే చదివారు. నాలుగు చోట్ల ఆగి, ఏలు పెట్టు అన్నారు. నాలుగు చోట్లా పెట్టాను. ముందు కట్టి తర్వాత లాగడం దగ్గర ఆమె చాలాసేపు ఆగిపోయారు. పద్యం కాగితం దగ్గరికి లాక్కుని తన వేలితోనే ఆ రెండు పాదాలూ చూసుకున్నారు.

"నేనూ ఇది సూడలా" అన్నారు. "ఎవురు సదివించినారు నీకు?"

"మా నాయన."

"ఎంతవరకు సదువుకున్నాడు?"

"ఐదు."

ఆమె సంతకం పెట్టారు. లేచి వస్తుంటే, మీ నాయన్ని అడిగినానని సెప్పు అన్నారు.

మర్నాడు మధ్యాహ్నం ఆ మాట చెప్పడానికే పల్లెకు వెళ్ళాను. అమ్మ పాయసం వండింది. నాయన సంతోషంగానే ఉన్నాడు, ఇంక నువ్వు డాక్టరమ్మవే, కట్లు గూడా నువ్వే కట్టు అని ఎగతాళి చేశాడు. భోజనం అయ్యాక పంచలో నా పక్కన కూర్చుని, కొంచెంసేపు తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ ఉండిపోయాడు.

"పాపా, ఆ పద్యంలో పిలకాయ పెద్దోడయినాక వాళ్ళ నాయన్ని ఏమన్నా అనినాడా?" అన్నాడు.

"ఏమన్నా అంటే?"

"అదే, సెయ్యి వంకర సేసినాడని తిట్టినాడా? లేకపోతే పోన్లే పాపం అనుకున్నాడా?"

సులువుగా చెప్పేద్దామని నోరు తెరిచాను. ఆయన నా మొహం చూడటం లేదు. నా ఎడమ చేయి చూస్తున్నాడు. నా ఎడమ చేయి మోచేతి దగ్గర పూర్తిగా చక్కగా రాదు, కొంచెం వంపు ఉంటుంది. విరిగిన చేయి ఎవరిదైనా అలాగే ఉంటుందనుకుని నేను దాన్ని ఎప్పుడూ పట్టించుకోలేదు.

"సొంత బిడ్డకు సొంత సేత్తో కట్టగూడదని మామ మొదటి దినమే సెప్పినాడు నాకు" అన్నాడు నాయన. "నువ్వు పడిన దినం ఆయన ఊర్లో లేడు, సత్యవేడుకు పోయుండాడు. పొద్దుగూకేదాకా ఉండి ఆయన సేత కట్టించింటే సక్కంగా వచ్చుంటాది. నువ్వు ఏడస్తా ఉంటే నేను ఓర్సుకోలేకపోతి. లాగేటప్పుడు నీ మొహం సూడలేక గోడ తట్టు తిరుక్కుంటి. ఎంతోమందికి కట్టినా, అట్ల తిరిగింది ఆ ఒక్క దినమే. నువ్వు జడేసుకునేటప్పుడల్లా ఆ సెయ్యి సూస్తానే ఉంటా."

ఇరవై ఐదేళ్ళకు పైగా నేను ఆ గోడ గురించి ఆలోచించాను. ఆయన ఈ చేయి గురించి ఆలోచించాడు. ఒకే ఇంట్లో అన్నం తింటూ ఇద్దరం ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు. ఏడుపు వచ్చింది, ఆపుకోలేదు.

ఆయన ఇంకా జవాబు కోసం చూస్తున్నాడు. ఫోన్‌లో పద్యం తెరిచాను. ఆయనకు ఇంగ్లీషు రాదు. వాడు వాళ్ళ నాయన్ని ఎప్పుడో క్షమించేశాడు అని చెబితే నమ్ముతాడు, ఆ పూట హాయిగా నిద్రపోతాడు. నా వేలు మొదటి పాదం నుంచి పదిహేడో పాదం దాకా వెళ్ళింది. చలి ఉంది, చేయి ఉంది, కిటికీ ఉంది. ఆయన అడిగింది మాత్రం ఎక్కడా లేదు.

"పద్యంలో లేదు నాయనా" అన్నాను. "తిట్టినట్టు లేదు. పోన్లే అనుకున్నట్టు గూడా లేదు."

ఆయన సరేనని తలూపి లేవబోయాడు. చేయి పట్టుకుని కూర్చోబెట్టాను.

"అది వాడి సంగతి. నా సంగతి నేను చెప్తా ఉండాను, విను. చెయ్యి గురించి నాకు నీ మీద ఒక్క దినం గూడా కోపం లేదు. నువ్వు ఆ పొద్దు నా తట్టు చూడలేదనే బాధ ఉండింది. ఇప్పుడు అది గూడా లేదు."

నాయన నా ఎడమ చేయి తన ఒళ్ళోకి తీసుకుని, బొటనవేలితో ఎముక వెంబడి మెల్లగా తడుముతూ వచ్చి ఒక చోట ఆగి నొక్కాడు.

"నొప్పి ఉండాదా ఈడ?" అన్నాడు.

లేదనేద్దామనుకున్నాను. కానీ ఆయన నా మొహమే చూస్తున్నాడు.

"చలికాలంలో రవ్వంత ఉంటాది" అన్నాను.